నాకు మంచిగ నిద్రపడుతుందని చెప్పిన

మా కర్రీ పాయింట్‌కు వచ్చే ఆడోళ్లు ఈ మధ్య కూరల సంగతి తర్వాత, ముందు నా నడుము సంగతి అడుగుతున్నరు. "అక్కా, ఎట్ల సన్నబడ్డవ్? ఏం తాగినవ్?" అంటరు. ఏం తాగలే, పొట్ట ఆపరేషన్ చేయించుకున్న అని చెప్తే నోరు తెరుస్తరు. "నొప్పుంటదా?" అని ఇంకొక్క మాట అడిగి, దొండకాయ ఫ్రై కట్టించుకొని పోతరు. ఇంటికొచ్చినంక ఎట్ల పండుకున్నవ్, ఎట్ల లేచినవ్ అని ఒక్కరు గూడ అడగరు.

ఆపరేషన్ అయి ఐదు నెలలైంది. ఇప్పుడు గంటె పట్టుకొని పొద్దంత నిలబడుతున్న, ఎటు ఒరిగినా నిద్రపడుతుంది. అందుకే కూసోని రాస్తున్న. ఆపరేషన్ చేయించుకొని ఇంటికొచ్చినంక ఎట్ల పండుకోవాలె, నొప్పికి ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు, నాకు తెలిసిన కాడికి చెప్త. దాంతోపాటు నేను చేసిన గలీజు పని ఒకటుంది, అది గూడ చెప్త. అది దాచిపెట్టి మిగతాది చెప్తే మీకు ఫాయిదా ఉండదు.

ముందుగాల మా అక్కచెల్లెండ్ల ముచ్చట. నేను విజయ, పెద్దదాన్ని, నన్ను సూర్యాపేటల ఇచ్చిన్రు. స్వరూప నాకంటే నాలుగేండ్లు చిన్నది, దాన్ని కోదాడల ఇచ్చిన్రు. అమ్మ మిర్యాలగూడల మా తమ్ముని కాడ ఉంటది. చిన్నప్పటి నుంచి నాకేదుంటే స్వరూపకు అది ఉండాలె. నాకు కమ్మలు చేపిస్తే దానికి గూడ కమ్మలు. నాకు జరమొస్తే తెల్లారేసరికి దానికి గూడ జరం. అప్పుడు అమ్మ నా మంచం కాడ నుంచి లేసి దాని మంచం కాడికి పొయ్యేది, ఎందుకంటే అది ఏడుస్తది, నేను ఏడ్వను. నలభై దాటినయ్ నాకు. అది నేనింకా మర్వలే.

లావు మాత్రం ఇద్దరికి సమానంగనే ఇచ్చిండు దేవుడు. నాకు షుగరొచ్చింది, మోకాళ్లు పోయినయ్, నిద్రల ఊపిరాగి ఉలిక్కిపడి లేసేదాన్ని. నిలబడి కూరలమ్మేదానికి మోకాళ్లే లేకపోతే ఇంకేముంది? మా ఆయనతోని మాట్లాడుకొని, హైదరాబాద్ పోయి డాక్టరుకు చూపిచ్చుకొని, ఆపరేషన్‌కు సరే అన్న. వారం తిరగకముందే కోదాడ నుంచి ఫోను.

"అక్కా, నేను కూడా చేయించుకుంటున్నానే. ఇద్దరికీ ఒకే రోజు ఇస్తారంట. తోడుగా ఉంటే భయముండదు కదా!"

అది కోదాడ పోయి పన్నెండేండ్లాయె, మాట గూడ అటుదిక్కే పోయింది. అందరు మంచిదే అన్నరు. నేను గూడ మంచిదే అన్న. లోపల మాత్రం, నా ఆపరేషన్ గూడ నాకొక్కదానికి దక్కనియ్యవానే అనుకున్న.

హైదరాబాద్ దవాఖానల, మేం కూసోవాల్సిన హాల్ల చేతులున్న స్టీలు కుర్చీలున్నయ్. వాటిల మేం పట్టం. లావు తగ్గించే దవాఖానల లావుగున్నోళ్లు కూసునే కుర్చీ లేదు, చూడుండ్రి! ఊడ్చే ఆమె మమ్మల్ని చూసింది. ఏమనకుండ లోపలికి పోయి ఒక బెంచి గుంజుకొచ్చి గోడకు ఏసింది. ఆమె పేరన్న అడగలే, ఇప్పటికీ అయ్యో అనిపిస్తది. ఆ బెంచి మీద నేనొక దిక్కు, స్వరూపొక దిక్కు, నడిమిట్ల అమ్మ. నాకు భయమైతుంది. అమ్మ చెయ్యి పట్టుకుందామని చూస్తే రెండు చేతులు స్వరూప ఒళ్లెనే ఉన్నయ్.

పొద్దున నాది, మధ్యాహ్నం దానిది. పొట్ట మీద చిన్న చిన్న కోతలు, అంతే. నాకు మత్తు దిగినంక ఒకటే వాంతులు. అది మాత్రం సాయంత్రానికే సెలైన్ స్టాండు పట్టుకొని వరండాల తిరిగింది, నర్సులతోని ఇకఇకలు పకపకలు. "చూడండి, మీ చెల్లెలుగారు ఎంత చక్కగా నడుస్తున్నారో" అని ఒక నర్సు నాతోని అన్నది. నన్ను లేపుదామనే అన్నది పాపం. నేను కండ్లల్ల నిప్పులు పోసుకున్న. నాకంటే వెనుక ఆపరేషన్ అయిన మనిషి నాకంటే ముందు నడుసుడేంది?

మూడో దినం ఇంటికి పంపిచ్చిన్రు. ఆ నర్సే ఇద్దర్ని కూసోబెట్టి అన్ని చెప్పింది. తల, వీపు ఎత్తుగ పెట్టుకొని పండుకోవాలె. నీళ్లు గుక్కగుక్క తాగాలె. గంటకొకసారి లేసి నడవాలె. మేమిచ్చిన మందు తప్ప ఇంకే నొప్పుల గోలి ముట్టొద్దు, లోపల పుండుపడి రక్తం పోతది. ఫైలు మీద ఫోన్ నంబరు అంటించి, ఎప్పుడన్న చెయ్యండి అన్నది. ఇద్దరం తలకాయలూపినం. వ్యాన్ మాట్లాడుకొని బయలెల్లినం.

హైదరాబాద్ నుంచి వస్తుంటే ముందు సూర్యాపేట, తర్వాత మునగాల, ఆ తర్వాత కోదాడ. అంటే ముందు దిగాల్సింది నేను. మా గల్లీల వ్యాన్ ఆగింది. అమ్మ తన సంచి ఒళ్లె పెట్టుకొని నా దిక్కు చూసింది.

"పెద్దబిడ్డా, నేను ఏడ దిగాలె?"

మా బిడ్డ హాస్టల్ల ఉండి చదువుతది. ఇంట్ల నేను, మా ఆయన. స్వరూపకు బడికి పొయ్యే పిల్లలిద్దరు. "నువ్వు దానితోని పో అమ్మా, పిల్లలున్నరు. నాకేమైంది, మంచిగనే ఉన్న" అన్న. నోరు అన్నది గని, నా పానమంత ఒకటే కోరుకుంటుంది. "ఊకో పిచ్చిదానా, నడువు లోపలికి" అని అమ్మ దిగాలె. నాకు నలభై దాటినా సరే, అమ్మ నా మంచం కాడ కూసోవాలె.

"నువ్వు గట్టిదానివి తల్లీ" అన్నది అమ్మ. వ్యాన్ డోరు పడ్డది. ఇంకొకసారి అడుగుతదేమో అని గేటు పట్టుకొని నిలబడ్డ. వ్యాన్ మలుపు తిరిగి పోయింది.

ఆ మొదటి వారం సంగతి చెప్త వినుండ్రి. కోతల నొప్పి ఓర్చుకోవచ్చు. ఆపరేషన్‌ల పొట్టలకు గాలి కొడుతరు, ఆ గాలి మిగిలిపోయి భుజం కింద పొడుస్తది. పొట్ట కోస్తే భుజం నొచ్చుడేంది అని నేను హడలిపోయిన, గుండెనొప్పే అనుకున్న. వెల్లకిల పండుకుంటే పొట్ట గుంజుతది. ఎడమకు ఒరిగితే గుచ్చుతది. బోర్ల ముచ్చట ఎత్తుకోనే వద్దు. ఇగ దగ్గొచ్చిందంటే దేవుడు కనపడ్డట్టే.

మా ఆయన మంచిగనే చేసిండు, లేదనొద్దు. మంచం మీద ప్లాస్టిక్ కుర్చీని బోర్లేసి, దాని మీద రెండు బొంతలు మడతేసి, నాకు ఏటవాలుగ ఆనుకునేటట్టు పడక చేసిండు. మోకాళ్ల కింద ఒక దిండు. దగ్గొస్తే పొట్టకు అదుముకుంటానికి ఇంకొక దిండు. ఇంత చేసి, పక్క మంచం మీద పడి రెండు నిమిషాలల్ల గురక! ఒక పక్కకు ఒరిగి, కాళ్లు ముడుచుకొని, నోరు తెరిచి. నేను ఆ గురకను చూసి ఏడ్చిన. మధ్యాహ్నం వాకిట్ల కుక్క చుట్టచుట్టుకొని పంటే దాన్ని చూసి గూడ ఏడ్చిన. ఊర్ల అందరికి ఎట్లంటే అట్ల ఒరిగే భాగ్యముంది, నాకొక్కదానికే లేదు.

తిండి సంగతి గూడ అంతే. మా ఇల్లు, కర్రీ పాయింటు ఒకటే గోడ. పదకొండు కొడితే తాలింపు వాసనలు నా మంచం మీదికే వస్తయ్. నాకేమో గిన్నెడు పప్పుకట్టు, అది గూడ చెంచతోని, గంటసేపు. బయట నా చేతి పచ్చిపులుసు కావాలె అని మనుషులు లైన్ల నిలబడ్డరు. వాళ్లందర్ని తిట్టుకున్న, నా గిరాకీనే నేను తిట్టుకున్న.

ఇంటికొచ్చిన రెండో రోజు తమ్ముడు మిర్యాలగూడ నుంచి ఫోన్ చేసి, బాపు పడక కుర్చీని ట్రాలీ ఆటోల కోదాడ పంపిస్తున్న అన్నడు. టేకు కర్రది, నడుమ గట్టి గుడ్డ. ఎంత ఒరగాలంటే అంత ఒరుగుతది. మా అసొంటోళ్లకు అంతకు మించింది లేదు. బాపు పోయినంక దాంట్లె ఎవ్వరు కూసోలే.

"నాకెందుకు పంపలేరా?" అన్న.

"చిన్నక్క అడిగింది. నువ్వు అడగలే కద అక్కా" అన్నడు వాడు.

అడగాల్నా? పెద్దదాన్ని నేను, నా దాకా వచ్చి అడగొద్దా వీళ్లు? ఫోన్ పెట్టేసి ఆ ప్లాస్టిక్ కుర్చీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

మా దిక్కు ఎవరికన్న పానం బాగలేకపోతే చుట్టాలు చూడవస్తరు. బత్తాయిలో బ్రెడ్డో పట్టుకొని వచ్చి, మంచం కాడ కూసోని, అంత అరుసుకొని పోతరు. అమ్మ చెల్లె మునగాల చిన్నమ్మ అటు కోదాడకు ఇటు సూర్యాపేటకు నడిమిట్ల ఉంటది. బస్సెక్కితే ఎటైనా పోవచ్చు. ఒకనాడు నా కాడికి, ఒకనాడు దాని కాడికి. ఐదో దినం వచ్చి కూసున్నది.

"స్వరూపకేందే, మీ బాపు కుర్చీల రాణి లెక్క పండుకుంటుంది. మీ అమ్మ కాళ్లొత్తుతుంది. నీ మొఖమేంది గట్ల పీక్కపోయింది? నిద్ర లేదా?"

"నిద్ర ఎక్కువై చిన్నమ్మా" అన్న. "పంటే లేస్తలేను."

ఆ మాట నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వది. వచ్చినంక మాత్రం మస్తు సుఖమనిపిచ్చింది. చిన్నమ్మ బత్తాయిలు బల్ల మీద పెట్టి పోయింది. తెల్లారేసరికి నా నిద్ర కోదాడ చేరింది.

ఆరో దినం స్వరూప ఫోను.

"అక్కా, నీకు బాగా నిద్ర పడుతుందంటగా? నేను రాత్రి ఐదు గంటలు పడుకున్నా."

"నేను ఏడు" అన్న. పన్నది గంటన్నర.

"నిజంగానా! మరి నొప్పి మందు?"

"నాలుగో దినమే బంద్ చేసిన. నొప్పుంటే గద ఏసుకుంటానికి."

"నేనూ ఆపేశాలే" అన్నది.

అది గూడ అబద్ధమాడుతుందేమో అని నాకు తట్టలే. దాని కుర్చీ, దాని కాళ్లొత్తే అమ్మ, ఇవే నా కండ్ల ముందల ఉన్నయ్.

తెల్లారి అమ్మ వీడియో కాల్ చేస్తనన్నది. నేను మా ఆయనను పిలిచి మంచం మీది కుర్చీ తియ్యమన్న. "ఎందుకే?" అన్నడు. "తియ్యరాదు!" అన్న. తీసిండు. ఒక్క దిండు మీద వెల్లకిల, సాపుగ పండుకొని ఫోన్ పైకెత్తి పట్టుకున్న. భుజంల పొడుస్తుంది, కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్, నవ్వుతున్న. ఫోన్ల స్వరూప బాపు కుర్చీల ఉన్నది. అమ్మ వెనుక నిలబడి దాని తల దువ్వుతుంది. ఆనాడు స్వరూప మొఖం ఎట్లుందో నాకు యాదికి లేదు, అమ్మ చేతిల దువ్వెన మాత్రం యాదికుంది.

"అబ్బ, ఎంత హాయిగా పడుకున్నావే!" అన్నది స్వరూప.

"నేను చెప్పలే, నా పెద్దబిడ్డ గట్టిదని" అన్నది అమ్మ.

ఫోన్ పెట్టేసినంక నాకు లేవరాలే. మా ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపిండు. "ఎవరికి చూపిచ్చుకుంటానికే ఈ సర్కస్? ఏమన్న పోటీల ఉన్నవా?" అని తిట్టిండు. "నీకేం తెల్సు, గొడ్డు లెక్క పంటవ్" అని నేను గూడ అన్న. కుర్చీ మళ్ల పెట్టి, బొంతలు సర్ది, దుకాణంలకు పోయి పప్పుకట్టు వడగట్టుకొని వచ్చిండు.

ఎనిమిదో దినం ఇగ నాతోని కాలే. ఫైలు మీది నంబరుకు ఫోన్ చేసిన. ఎత్తింది ఆ నర్సే. ఏడ్చుకుంట అన్ని చెప్పిన. ఆమె కోప్పడలే, నవ్వలే.

"నొప్పి బాగా ఎక్కువయ్యేదాకా ఆగి మందు వేసుకుంటున్నారా?" అని అడిగింది. ఔనన్న. "అందుకే తగ్గట్లేదు. డాక్టరు రాసిన టైముకు వేసుకోండి, రాసినంతే, మించొద్దు. ఆ డోసుల్లో ఒకటి పడుకునే ముందు వచ్చేలా చూసుకోండి."

ఇంకా చెప్పింది. భుజం నొప్పికి నడకే మందట. గోరువెచ్చటి గుడ్డ భుజం మీద పెట్టుకోవచ్చు గని కోతల మీద పెట్టొద్దట. లేసేటప్పుడు తిన్నగ లేవొద్దు, ముందు పక్కకు ఒరిగి, కాళ్లు మంచం కిందికి జార్చి, మోచెయ్యి ఆనిచ్చి లేవాలె. పగలు కునుకులు తీస్తే రాత్రి నిద్ర రాదు. ఇవన్ని చెప్పి, "మీ చెల్లెలుగారికి కూడా ఇదే చెప్పండి" అన్నది. "చెప్త" అన్న.

ఆమె చెప్పినట్టే చేసిన. గల్లీల ఆ చివరికి ఈ చివరికి నడిచిన, గంటకొకసారి. ఎన్నడు మాట్లాడని ఎదురింటి ముసలమ్మ నేను వస్తుంటే అరుగు మీద చాట పక్కకు జరిపి కూసోమనేది. ఏమైంది, ఎందుకైంది అని ఒక్కనాడు అడగలే. నర్సుకు ఫోన్ చేసిన రాత్రే నాలుగు గంటలు ఒక్క తీరుగ పన్న. పొద్దుగాల కండ్లు తెరవంగనే నాకొచ్చిన మొదటి ఆలోచన, ఇప్పుడు నిజంగనే దాన్ని గెలిచిన అని.

తొమ్మిదో దినం అదే ఫోన్ చేసింది. గొంతు సన్నగ ఉంది. "నిద్రకు ఏం చేస్తున్నావక్కా? ఏదన్నా ఉంటే నాక్కూడా చెప్పవే."

"ఏం చేస్తలేనే. పంటున్న, నిద్రొస్తుంది" అన్న.

అమ్మ దాని కాడనే ఉంది, బాపు కుర్చీ దాని కాడనే ఉంది. ఈ ఒక్కటన్న నా కాడ ఉండనీ అనుకున్న. గలీజు పని అని మొదట్ల చెప్పిన కద, ఇదే అది. రాస్తుంటే చెయ్యి ఆగుతుంది, అయినా రాస్తున్న.

పదకొండో దినం మధ్యాహ్నం గిరాకీ టైముల అమ్మ ఫోన్ చేసింది. "చిన్నది కండ్లు తిరిగి పడ్డదే! మూడు దినాలకెళ్లి దొడ్డికి నల్లగ పోతుందట, చెప్పలే. దవాఖానకు తెచ్చినం" అని ఒకటే ఏడుపు. మా ఆయన కూరల గిన్నెల మీద మూతలేసి, షట్టర్ గుంజి, కారు మాట్లాడుకొచ్చిండు. నేను పొట్టకు దిండు అదుముకొని కూసున్న. దేవుడా, దానికేం కావొద్దు, దానికేం కావొద్దు అని దారి పొడుగున మొక్కిన. మునగాల ధాబాలు దాటుతుంటే, మొక్కుకుంట మొక్కుకుంటనే ఇంకొక ఆలోచన గూడ వచ్చింది. నేను పడిపోతే గూడ అమ్మ ఇట్లనే ఏడుస్తదా అని. థూ, ఏం మనసు నాది!

కోదాడ దవాఖాన వరండాల స్వరూప పెనిమిటి, మా మరిది, నిలబడి ఉన్నడు. చొక్కా గుండీలు గూడ సరిగ లేవు.

"రక్తం ఎక్కిస్తున్నారు వదినా. హైదరాబాద్ డాక్టరుగారితో మాట్లాడారు. అంబులెన్స్‌లో అక్కడికే పంపిస్తామంటున్నారు. అత్తయ్యగారి మోకాళ్ల నొప్పుల మాత్రలు వేసుకుందంట, రోజుకు రెండు మూడు. ఎవరికీ చెప్పకుండా. ఎందుకు చేసిందో నాకు అర్థం కావట్లేదు."

అమ్మ బెంచి మీద కూసోని గోలీల డబ్బాను పిడికిట్ల పట్టుకొని ఉంది. "నా గోలీలే దాని పానం మీదికి తెచ్చినయ్. దిండు కింద పెట్టుకున్న, నాదే తప్పు. నన్ను సంపుండ్రి" అని నెత్తి కొట్టుకుంటుంది. నేను పక్కన కూసోని ఆమె చెయ్యి పట్టుకున్న. నోరు తెరవలే. తప్పు నాదే అని అమ్మే అంటుంది, నేను ఊకుంటే సరిపాయె, ఎవ్వరికి తెల్వది. అట్ల ఎంతసేపు కూసున్ననో.

తీసుకపోయే ముందు ఒక్కరు వచ్చి చూడుండ్రి అన్నరు. అమ్మ ఇంకా నెత్తి కొట్టుకుంటనే ఉంది. నేను పోయిన. స్వరూప మొఖంల రక్తం చుక్క లేదు, పెదవులు తెల్లగ పాలిపోయినయ్.

"అక్కా" అన్నది. "నువ్వు నాలుగో రోజే మందు ఆపేశావు కదా. నాకేమో ఒక్క గంట కూడా నిద్ర పట్టట్లా. నేనూ ఆపేశానని చెప్పుకున్నాక ఆ మందు అందరి ముందు వేసుకోలేక, అమ్మ మాత్రలు తీసుకున్నా. కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకునేదాన్ని, అమ్మ పడుకున్నాననుకునేది. హాస్పిటల్‌కు ఫోన్ చేద్దామంటే సిగ్గేసింది. ఒకే రోజు చేయించుకున్నాం, అక్కకు లేని నొప్పి నాకెందుకు అని. నేనెప్పుడూ ఇంతే కదా, ఏడుపుగొట్టుదాన్ని. ఈ ఒక్కసారన్నా నీలాగా ఉందామనుకున్నా."

ఇగ దాచరాలే.

"నేను అబద్ధం చెప్పిన స్వరూపా" అన్న. "మందు బంద్ చెయ్యలే, ఇంకా ఏసుకుంటనే ఉన్న. ఏడు గంటలు కాదు, గంటన్నర పన్న. నీకు చూపిచ్చెటందుకు ఫోన్ల సాపుగ పన్న, లేవరాక మీ బావ లేపిండు. ఎనిమిదో దినం నర్సుకు ఫోన్ చేస్తే ఎట్ల పండుకోవాల్నో చెప్పింది. నీకు గూడ చెప్పమన్నది. నేను చెప్పలే."

"ఎందుకే?"

"అమ్మ నీ కాడుంది."

అది నన్ను చూసింది. శానసేపు చూసింది. మొఖం గోడదిక్కు తిప్పుకుంది. అంతట్లనే స్ట్రెచర్ తెచ్చిన్రు.

బయటికొచ్చి అమ్మకు గూడ చెప్పిన, అందరి ముందల, మరిది వింటుండంగనే. నీ గోలీలు కాదమ్మా, నా నోరు అన్న. కొడుతదేమో అనుకున్న, కొడితే మంచిగుండు. అమ్మ కొట్టలే.

"నిన్ను అడిగితి కదనే" అన్నది. "వ్యాన్ల అడిగితి, ఏడ దిగాలె అని. నొస్తుందమ్మా అని ఒక్క మాట అంటే దిగకపోదునా?"

అని అంబులెన్స్ ఎక్కి స్వరూప కాళ్ల దిక్కు కూసున్నది.

హైదరాబాద్ల గొట్టం ఏసి లోపల చూసి, రక్తం ఆపిన్రు. వారం తర్వాత కోదాడకు తీసుకొచ్చిన్రు. ఇయ్యన్ని నాకు తమ్ముడు చెప్పిండు. స్వరూప నా ఫోన్ ఎత్తలే. అమ్మ ఎత్తి, మంచిగున్నది అని పెట్టేసేది. తమ్మునితోని మాట్లాడుతుందట, చిన్నమ్మతోని మాట్లాడుతుందట. వాళ్లను చూసి గూడ నాకు కుళ్లు. నా నొప్పి తగ్గుకుంట వస్తుంది గని నిద్ర మాత్రం మళ్ల పోయింది. ఏటవాలుగ పంటే ఏంది, సాపుగ పంటే ఏంది, కండ్లు మూస్తే తెల్లగ పాలిపోయిన ఆ పెదవులే కనపడుతున్నయ్.

ఈడ ఆగి, మీకు చెప్తనన్నది చెప్త. ఇంట్ల ఇంకొకరి నొప్పుల గోలీలు ఉంటే మీకు అందకుండ పెట్టమనుండ్రి. మోకాళ్లకు మంచిగ చేసే గోలి కోసిన పొట్టకు ఇసం. నల్లగ పోయినా, జరమొచ్చినా, గుండె దడదడ కొట్టుకున్నా, వాంతులు ఆగకపోయినా చుట్టాలను అడగకుండ్రి, ఫైలు మీది నంబరుకు చెయ్యుండ్రి. పక్క మంచపామె నాలుగో దినం లేసి తిరిగితే తిరగనియ్యుండ్రి. ఆమె పొట్ట ఆమెది, మీ పొట్ట మీది. ఎట్లున్నవ్ అని ఎవరన్న అడిగితే ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. ఇది నాకు శాన ఆలస్యంగ తెలిసింది.

ఆరో వారంల ఒకనాడు పొద్దుగాల, దుకాణంల టమాటలు ఏరుకుంట కూసున్న. ఫోన్ మోగింది. స్వరూప పేరు చూసి చేతులు తుడుచుకున్న.

"రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" అన్నది. హలో లేదు, అక్కా లేదు.

ఆరు అని నాలుక చివరి దాకా వచ్చింది.

"మూడు" అన్న.

"నొప్పి?"

"కుడికి ఒరిగితే లేదు. ఎడమకు ఒరిగితే ఉన్నది. నీకు?"

"నాకు నొప్పి లేదు. ఏడు గంటలు పడుకున్నా. అమ్మ నా పక్కనే పడుకుంటుంది."

"నాకు కుళ్లైతుందే" అన్న.

"తెలుసు" అన్నది. ఊపిరి గట్టిగ వదిలినట్టు వినపడ్డది. "ఉండు, అమ్మకిస్తున్నా."

ఫోన్ చేతులు మారింది.

"ఏం పెద్దబిడ్డా, మంచిగున్నవా?" అన్నది అమ్మ.

మంచిగనే ఉన్న అనబోయిన. మా ఆయన తాలింపు కాడ గంటె ఆపి నా దిక్కు చూస్తుండు.

"లేదమ్మా. నొస్తుంది" అన్న.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

నా చెప్పులేవే, సంచేదే అని అటుదిక్కు అమ్మ స్వరూపను అడుగుడు వినపడ్డది.